ప్రమాదం ఎంత వ్యవధి ఇస్తుంది?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అది వస్తున్నదని నాలుగు రోజుల ముందునుంచే తెలుసు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడికి నిప్పంటుకుంది. అక్కడి పిల్లలకు దొరికినవి కొద్ది నిమిషాలే. 1993 సెప్టెంబర్ 30న, ఇంకా తెల్లవారకముందే, మహారాష్ట్రలోని కిల్లారిలో భూమి కంపించింది. నిద్రలో ఉన్నవారికి లేచి కూర్చునే వ్యవధి కూడా చిక్కలేదు.

రోజులు, నిమిషాలు, సెకన్లు. ప్రమాదాలన్నీ ఒక్క తీరుగా రావు. కొన్ని దండోరా వేసుకుంటూ వస్తాయి, కొన్ని చెప్పాపెట్టకుండా మీద పడతాయి. మరి వందల మంది పిల్లలుండే బడిలో, వేల మంది విద్యార్థులుండే విశ్వవిద్యాలయంలో వీటన్నిటికీ ముందుగా సిద్ధపడటం సాధ్యమేనా? సాధ్యమే. అందుకు ఒక లెక్క ఉంది. అది మీకు రాని లెక్కేమీ కాదు, కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

అపాయం వేరు, ముప్పు వేరు

ముందు రెండు మాటల మధ్య తేడా తెలుసుకుందాం. బడి ఆవరణలో గోడలేని ఒక పాతబావి ఉందనుకోండి. ఆ బావి ఒక అపాయం. ఇంగ్లీషులో దీన్ని హజార్డ్ అంటారు. అయితే అపాయం ఉన్నంత మాత్రాన ఎవరికైనా దెబ్బ తగిలి తీరుతుందని కాదు. పిల్లలు రోజూ ఆ బావి పక్కనే బంతి ఆడుతుంటే ఎవరో ఒకరు పడే అవకాశం ఎక్కువ. బావి చుట్టూ గోడ కట్టి, పైన ఇనుప జాలీ వేస్తే అవకాశం దాదాపు లేనట్టే. బావి అక్కడే ఉంది, లోతు కూడా అంతే ఉంది. తగ్గిందల్లా ముప్పు. దీన్నే రిస్క్ అంటారు.

ముప్పును కొలవడానికి నిపుణులు రెండు ప్రశ్నలు వేస్తారు. ఒకటి, ఇది జరిగే అవకాశం ఎంత? రెండు, జరిగితే కలిగే నష్టం ఎంత? రెండింటికీ 1 నుంచి 5 దాకా మార్కులు వేసి, ఆ రెండు అంకెలను గుణిస్తారు. వచ్చిన లబ్ధమే ముప్పు.

ఈ తేడాను చరిత్ర మనకు గట్టిగానే నేర్పింది. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో దాదాపు పదివేల మంది ప్రాణాలు పోయాయి. 2014లో వచ్చిన హుద్‌హుద్ కూడా భీకరమైన తుఫానే. కాని అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో చనిపోయినవారు వందకు లోపే. సముద్రం మారలేదు, గాలి మెత్తబడలేదు. ఉపగ్రహాలు, రాడార్లు ముందే చూశాయి, లక్షల మందిని ముందే తరలించారు. అపాయం ఉన్నా ముప్పును తగ్గించవచ్చునన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

రోజుల వ్యవధి ఉంటే

హుద్‌హుద్ తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. గాలి వేగం మూడు రెట్లయితే అది గోడను నెట్టే బలం కూడా మూడు రెట్లే అవుతుందని మీరనుకోవచ్చు. కాదు. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలితో పోలిస్తే 180 కిలోమీటర్ల గాలి తొమ్మిది రెట్ల బలంతో నెడుతుంది. అందుకే ఆ రోజు విశాఖ నగరంలో పెద్దపెద్ద చెట్లు వేళ్ళతో సహా కూలాయి. 1926లో స్థాపించిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రాంగణంలో దశాబ్దాలుగా పెరిగిన వృక్షాలు నేలకొరిగాయి. భవనాలూ దెబ్బతిన్నాయి.

ఆ రోజు ఆదివారం. తరగతులు లేవు. కాని విశ్వవిద్యాలయం సాయంత్రం తలుపులు మూసుకునే కచేరీ కాదు. అది ఒక చిన్న పట్నం. వసతిగృహాల్లో విద్యార్థులు రాత్రీపగలూ ఉంటారు. వారికి అన్నం వండాలి, నీళ్ళు తోడాలి, జబ్బు చేస్తే వైద్యుణ్ణి పిలవాలి. తుఫాను తర్వాత విశాఖలో కొన్ని రోజులపాటు కరెంటు లేదు, సెల్‌ఫోన్లు పనిచేయలేదు. కరెంటు లేకపోతే మోటారు తిరగదు. మోటారు తిరగకపోతే పైతొట్టిలో నీళ్ళుండవు. చెట్టు కూలి దారికి అడ్డం పడితే అంబులెన్సు రాదు. ఒక దెబ్బ ఇంకో దెబ్బను వెంటబెట్టుకు వస్తుందన్నమాట.

కాబట్టి రోజుల వ్యవధి ఇచ్చే ప్రమాదానికి ప్రణాళిక ఒక పట్టికలా ఉంటుంది. మూడు రోజుల ముందు ఎండిన కొమ్మలు నరకాలి. రెండు రోజుల ముందు తాగునీరు, బియ్యం, మందులు, బ్యాటరీ లైట్లు నిల్వచేయాలి. ఒక రోజు ముందు రేకులు, బోర్డులు బిగించి, ఇళ్ళకు వెళ్ళగలిగినవారిని పంపించాలి. ముఖ్యమైన ఫోన్ నంబర్లు, విద్యార్థుల పేర్లు సెల్‌ఫోన్‌లో మాత్రమే కాకుండా కాగితం మీద కూడా ఉండాలి. ఫోన్ ఆరిపోయినా కాగితం ఆరిపోదు గదా!

నిమిషాల వ్యవధి ఉంటే

ఇప్పుడు నిమిషాల సంగతి చూద్దాం. కుంభకోణంలో మధ్యాహ్న భోజనం వండే పాక నుంచి నిప్పు లేచి, పై అంతస్తులో తరగతి మీద ఉన్న ఆకుల కప్పుకు అంటుకుంది. కిందికి దిగే దారి ఇరుకు. 94 మంది పిల్లలు చనిపోయారు. ఆకుల కప్పు, ఇరుకు మెట్లు, దగ్గరలో పొయ్యి. ఈ మూడూ ముందురోజు కూడా అక్కడే ఉన్నాయి. వాటిని ఒక్కచోట చేర్చి చూసినవారు లేరు.

మెట్ల సంగతి లెక్కగట్టి చూద్దామా? మీటరు వెడల్పున్న మెట్లదారి మీదుగా, తోపులాట లేకపోతే, సెకనుకు సుమారు ఒక మనిషి దిగగలడని ఇంజనీర్లు అంచనా వేస్తారు. ఒక బడి పై అంతస్తులో 360 మంది ఉన్నారనుకోండి. మెట్ల వెడల్పు మీటరున్నర. అంటే సెకనుకు ఒకటిన్నర మంది. 360ని ఒకటిన్నరతో భాగిస్తే 240 సెకన్లు, అంటే నాలుగు నిమిషాలు. రెండోవైపు అలాంటివే ఇంకో మెట్లుంటే రెండు నిమిషాలు చాలు. ఆ రెండో మెట్లదారికి తాళం వేసి, తాళంచెవి ఎవరి జేబులోనో ఉంటే మళ్ళీ నాలుగు నిమిషాలే. తాళంచెవి ధర రెండు నిమిషాలన్నమాట! మంటకు ఆ రెండు నిమిషాలు చాలా ఎక్కువ.

తలుపు సంగతి కూడా ఇంతే. లోపలికి తెరుచుకునే తలుపు మీదికి గుంపు వచ్చి పడితే అది తెరుచుకోదు. అందుకే ఎక్కువమంది ఉండే గదుల తలుపులు బయటికి తెరుచుకోవాలంటారు. కుంభకోణం విషాదం తర్వాత దాఖలైన ఒక వ్యాజ్యంలో 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సురక్షితమైన బడిలో చదువుకోవడం పిల్లల హక్కులో భాగమేనని చెబుతూ, బడులలో మంటలార్పే సాధనాలు ఉండాలనీ, వాటిని వాడటంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలనీ ఆదేశించింది.

నిమిషాల లెక్కలోకి వచ్చే మరో ప్రమాదం విషవాయువు. 2020 మే 7న తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో విశాఖపట్నం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలోని ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడింది. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. కర్మాగారంలో హెచ్చరిక సైరన్ ఉన్నా ఆ సమయంలో మోగలేదని విచారణ జరిపిన కమిటీ తెలిపింది. దొరకవలసిన ఆ కొద్ది నిమిషాలు కూడా అలా చేజారిపోయాయి.

స్టైరీన్ అణుభారం 104. గాలి సగటు అణుభారం సుమారు 29. అంటే ఆ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు. బరువైన ఆవిరి నీళ్ళలాగే పల్లానికి పాకుతుంది. మన వంటగ్యాసు కూడా గాలికన్నా బరువైనదే, అదీ నేలబారుగానే పరుచుకుంటుంది. కాబట్టి గ్యాసు వాసన వస్తే స్విచ్ ముట్టుకోకుండా తలుపులు, కిటికీలు తెరిచి బయటికి నడవాలి. ఆరుబయట విషవాయువు వ్యాపిస్తుంటే గాలి ఎటు వీస్తున్నదో చూసి, దానికి అడ్డంగా, పక్కకు, మిట్టవైపు వెళ్ళాలి. గాలి వాలున పరుగెత్తితే వాయువు మన వెంటే వస్తుంది.

ఇక పిడుగు. మెరుపు కనిపించగానే ఒకటి, రెండు, మూడు అని సెకన్లు లెక్కపెట్టండి. ఉరుము వినిపించగానే ఆపండి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 30 సెకన్లు వచ్చిందంటే పిడుగు పది కిలోమీటర్ల దూరంలో పడిందన్నమాట. 30కి లోపు వచ్చిందంటే ఆట ఆపి పక్కా భవనంలోకి వెళ్ళాలి. చెట్టు కిందికి మాత్రం వెళ్ళకూడదు. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచాకే మళ్ళీ మైదానంలోకి రావాలి. చూశారా, కొన్ని ప్రమాదాలు తామెంత దూరంలో ఉన్నాయో తామే చెబుతాయి. వినేవారుండాలి.

సెకన్ల వ్యవధి ఉంటే

సంగారెడ్డి జిల్లాలో, నారాయణఖేడ్‌కు దగ్గరలో మనూర్ అనే మండల కేంద్రం ఉంది. పక్కనే కర్ణాటక సరిహద్దు. మంజీర నది అక్కడికి దూరం కాదు. నక్షా మీద మనూర్ నుంచి పడమటికి గీత గీసుకుంటూ పోతే, నూటికి కొంచెం పైచిలుకు కిలోమీటర్ల దూరంలో కిల్లారి వస్తుంది. 1993లో ఉదయం 3 గంటల 56 నిమిషాలకు అక్కడ వచ్చిన భూకంపం తీవ్రత సుమారు 6.2. ఎనిమిది వేల నుంచి పది వేల మంది దాకా చనిపోయారు.

భూకంపం నుంచి రెండు రకాల తరంగాలు ముఖ్యంగా బయలుదేరుతాయి. పి తరంగాలు వేగంగా పోతాయి, సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు. అవి చేసే హాని తక్కువ. ఎస్ తరంగాలు వెనక వస్తాయి, సెకనుకు సుమారు మూడున్నర కిలోమీటర్లు. గోడలను పక్కలకు ఊపేవి ఇవే. లెక్క సులువుగా ఉండటానికి దూరం 105 కిలోమీటర్లు అనుకుందాం. మొదటివి పదిహేడున్నర సెకన్లలో మనూర్ చేరతాయి. రెండోవి 30 సెకన్లలో చేరతాయి. తేడా పన్నెండున్నర సెకన్లు. నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్నవారికి దొరికే వ్యవధి ఇంతే. కిల్లారిలోనే ఉన్నవారికి ఆ తేడా దాదాపు సున్న.

పన్నెండు సెకన్లలో 360 మంది మెట్లు దిగలేరని పైన మనమే లెక్కగట్టాం. కాబట్టి భూమి కంపిస్తుండగా మెట్లవైపు పరుగెత్తడం తెలివైన పని కాదు. గట్టి బల్ల కిందికి దూరి, తల కాచుకుని, బల్లకోడు పట్టుకుని ఉండాలి. కంపం ఆగాక వరుసగా బయటికి రావాలి. గోడలకు, కరెంటు తీగలకు దూరంగా నిలబడాలి.

అయితే కిల్లారి నేర్పిన అసలు పాఠం వేరే ఉంది. అక్కడ ప్రాణాలు తీసింది భూమి కాదు, ఇళ్ళు. రాళ్ళను మట్టితో పేర్చిన మందపాటి గోడలు, వాటి మీద బరువైన మట్టి మిద్దెలు. గోడ ఊగగానే రాళ్ళు విడిపోయాయి, మిద్దె మొత్తం కిందికి దిగింది. సెకన్లలో వచ్చే ప్రమాదానికి సెకన్లలో చేయగలిగింది చాలా తక్కువ. చేయవలసిందంతా ఏళ్ళముందే చేసి ఉండాలి. గోడల మూలల్లో కట్టుబడి, చుట్టూ కాంక్రీటు పట్టీ, తేలికైన కప్పు ఉంటే అదే భూకంపంలో అదే ఇల్లు నిలబడి ఉండేది.

“మా ఊళ్ళో భూకంపాలు రావు” అని ఎవరైనా అంటే ఇంకొక సంగతి చెప్పండి. 1993 నాటి భూకంప మండలాల పటంలో కిల్లారి అన్నిటికన్నా తక్కువ ముప్పున్న ఒకటో మండలంలో ఉంది! 2002లో పటాన్ని సవరించినప్పుడు ఒకటో మండలం అనేదాన్నే తీసేశారు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన కంపం హైదరాబాద్‌లో కూడా తెలిసింది. తక్కువ అవకాశం అంటే అసలు అవకాశం లేదని కాదు.

మనూర్‌లో ఒక బడి ఉందనుకుందాం

ఇప్పుడు మన లెక్కను ఒకచోట పెట్టి చూద్దాం. మనూర్ లాంటి మండల కేంద్రంలో ఒక ఉన్నత పాఠశాలను ఊహించుకోండి. చుట్టూ పొలాలు, ఒక మైదానం, మైదానంలో వేపచెట్టు, వెనక వంటగది, రెండంతస్తుల భవనం. మొదటి అంకె అవకాశం, రెండోది నష్టం, మూడోది ముప్పు. ఈ అంకెలు ఉదాహరణకు వేసినవే.

పిడుగు: 4, 4, 16
పాముకాటు: 3, 4, 12
వంటగదిలో నిప్పు: 3, 4, 12
వడదెబ్బ: 4, 3, 12
మెట్ల మీద తోపులాట: 2, 4, 8
ఆటల్లో చిన్న దెబ్బలు: 5, 1, 5
భూకంపం: 1, 5, 5

ఈ పట్టికను ఒక్క క్షణం పరిశీలించండి. మనం ఎక్కువగా భయపడేవీ, మనకు ఎక్కువ ముప్పు తెచ్చేవీ ఒకటే కావు. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చే భూకంపం అడుగున ఉంది. ఎవరూ పెద్దగా పట్టించుకోని పిడుగు పైన ఉంది. చేతిలో ఉన్న కొద్ది డబ్బు, కొద్ది సమయం ముందు దేనికి ఖర్చుచేయాలో ఈ పట్టిక చెబుతుంది.

తర్వాతి మెట్టు, ఒక్కొక్క వరుసకు విరుగుడు రాయడం. వంటగదిని తరగతులకు దూరంగా జరిపి, రేకు కప్పు వేసి, ఇసుక బకెట్లు పెడితే అవకాశం 2కు, నష్టం 2కు దిగుతాయి. ముప్పు 12 నుంచి 4కు పడిపోయింది. పాముకాటు విషయంలో కట్టెల కుప్పలు, పొదలు తీసేస్తే అవకాశం తగ్గుతుంది. విషానికి విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉంటుందో ముందే విచారించి గోడమీద రాసిపెడితే నష్టం తగ్గుతుంది. కాటు పడ్డాక గాయం కోయడం, నోటితో పీల్చడం చేయకూడదు. కరిచినచోటును కదలనీయకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏ ఆసుపత్రి అని అప్పుడు వెతుక్కుంటే ఎలా?

కాని ఈ గుణకారంలో ఒక లొసుగు ఉంది, గమనించారా? ఆటల్లో మోచేయి దోక్కుపోవడానికీ 5 వచ్చింది, భూకంపానికీ 5 వచ్చింది. రెండూ సమానమేనా? మోచేతికి మందు రాస్తే మానుతుంది. కూలిన కప్పు కింద పోయిన ప్రాణం తిరిగిరాదు. కిల్లారి పక్కన ఈ లెక్క వేసినవారెవరైనా ఉంటే 1993 సెప్టెంబర్ 29న కూడా భూకంపానికి అవకాశం 1 అనే వేసేవారు. అందుకే నిపుణులు ఒక నియమం పెట్టుకుంటారు. నష్టం గడిలో 5 ఉంటే, లబ్ధం ఎంత చిన్నదైనా సరే, ఆ వరుసను వదిలిపెట్టకూడదు. లెక్క మనకు దారి చూపాలి గాని, మన కళ్ళు మూయకూడదు.

విశ్వవిద్యాలయంలో ఇదే పట్టిక ఇంకా పొడుగవుతుంది. అక్కడ రసాయన ప్రయోగశాలలున్నాయి. సోడియం అంటుకుంటే దానిమీద నీళ్ళు పోయకూడదు, పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట పెరుగుతుంది. నైట్రిక్ ఆమ్లాన్ని, ఆల్కహాలును ఒకే బీరువాలో పెట్టకూడదు. మంటలార్పడానికి వచ్చినవారికి ఏ గదిలో ఏముందో తెలియకపోతే వారి ప్రాణానికే అపాయం. అందుకే ప్రయోగశాల తలుపు బయట లోపలి పదార్థాల జాబితా ఉండాలి. గోడ అవతల ఏముందో కూడా చూడాలి. 2025 జూన్ 30న ఇదే సంగారెడ్డి జిల్లాలోని పాశమైలారంలో ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. ఏ ప్రాంగణమూ తన ప్రహరీగోడతో ముగిసిపోదు.

కాగితం మీది ప్రణాళిక, కాళ్ళకు వచ్చిన ప్రణాళిక

మంచి ప్రణాళిక నాలుగైదు ప్రశ్నలకు జవాబు చెబుతుంది. గంట ఎవరు కొట్టాలి? ఏ తరగతి ఏ మెట్లమీదుగా దిగాలి? నడవలేని విద్యార్థిని ఎవరు తీసుకురావాలి? అందరూ ఎక్కడ చేరాలి? అక్కడ హాజరు ఎవరు పిలవాలి? హాజరు మాట చిన్నదిగా కనిపిస్తుంది. కాని ఎవరో లోపల చిక్కుకున్నారని తెలిసేది దానివల్లనే. అందరూ బయటికి వచ్చేశారని తెలిస్తే మంటల్లోకి ఎవరూ ఊరికే దూకనవసరం లేదు. ఆపదలో పిలవవలసిన 112, అంబులెన్సుకు 108, అగ్నిమాపక దళానికి 101 అందరికీ నోటికి రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒకరు లేకపోతే వారి పని ఎవరు చేయాలన్నది రాసి ఉండాలి.

ఇదంతా కాగితం మీద ఉంటే చాలదు. చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో సాంగ్‌జావ్ అనే ఊళ్ళో ఒక మాధ్యమిక పాఠశాల ఉంది. అప్పట్లో దాని ప్రధానోపాధ్యాయుడు యే జిపింగ్. నాసిగా కట్టిన బడి భవనాన్ని ఆయన ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా డబ్బు సమకూర్చుకుంటూ బాగుచేయించాడు, స్తంభాలను లావుచేయించాడు. 2005 నుంచి ప్రతి విద్యాకాలంలో పిల్లలచేత బయటికి వచ్చే అభ్యాసం చేయించాడు. ఏ తరగతి ఏ మెట్లు దిగాలి, మైదానంలో ఎక్కడ నిలబడాలి అన్నీ నిర్ణయించి ఉంచాడు. ఇది వృథా శ్రమ అని నవ్వినవారూ ఉండే ఉంటారు.

2008 మే 12న సిచువాన్‌లో మహా భూకంపం వచ్చింది. ఆ ప్రాంతంలో ఎన్నో బడులు కూలిపోయాయి. సాంగ్‌జావ్ బడిలో రెండువేలకు పైగా ఉన్న విద్యార్థులు, ఉపాధ్యాయులు ఒక నిమిషం 36 సెకన్లలో మైదానంలో వరుసగా నిలబడ్డారు. ఒక్కరి ప్రాణం కూడా పోలేదు. ఆ సమయంలో యే జిపింగ్ బడిలోనే లేడు, పని మీద వేరే ఊరు వెళ్ళాడు. ఆయన పరుగున వచ్చేసరికి పిల్లలంతా క్షేమంగా ఉన్నారు. నాయకుడు లేనప్పుడు కూడా నడిచిన ప్రణాళికే ప్రణాళిక.

ఆయన రెండు పనులు చేశాడు. స్తంభాలు బలపరచడం ఏళ్ళు పట్టే పని. అభ్యాసం నిమిషాల పని. మొదటిది లేకపోతే రెండోదానికి వ్యవధి దొరికేది కాదు, భవనం ముందే కూలేది. రెండోది లేకపోతే నిలబడిన భవనంలోనే తోపులాటలో పిల్లలు నలిగిపోయేవారు.

ప్రమాదం దాటాక

ప్రణాళికలో చివరి పేజీ ఒకటుంటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. చదువు మళ్ళీ ఎక్కడ, ఎలా మొదలవుతుంది? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. యుద్ధ పరిస్థితుల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం తన చదువులను గుంటూరుకు తరలించింది. యుద్ధం ముగిశాక తిరిగి వాల్తేరు చేరింది. భవనం వదలవలసి వచ్చినా విశ్వవిద్యాలయం ఆగలేదు. మార్కుల పట్టికలు, రికార్డులు, గ్రంథాల జాబితాలు వేరొకచోట ఇంకో ప్రతి ఉంటే ఇలా నిలదొక్కుకోవడం సులువవుతుంది.

మీరే చేసి చూడండి

ఈ వారం మీ తరగతిలో నలుగురైదుగురు కలిసి ఒక నోటుపుస్తకం, ఒక టేపు, సెకన్ల ముల్లున్న ఒక గడియారం తీసుకోండి. బడి చుట్టూ తిరిగి పటం గీయండి. తలుపులు, మెట్లు, బావి, వంటగది, కరెంటు బోర్డు, పెద్ద చెట్లు, తాళం వేసి ఉండే గేటు అన్నీ గుర్తించండి. మెట్ల వెడల్పు కొలిచి, పై అంతస్తువారు దిగడానికి ఎంతసేపు పట్టాలో లెక్కగట్టండి. తర్వాత మీ ఉపాధ్యాయుల అనుమతితో నిజంగా దిగి చూసి, గడియారంతో సరిపోల్చండి. రెండు అంకెలూ కలవకపోతే ఎక్కడ ఆలస్యమైందో వెతకండి. బహుశా మలుపు దగ్గర పెట్టిన పాత బల్లలు కారణం కావచ్చు, చెప్పులు వెతుక్కోవడం కావచ్చు.

ఆ తర్వాత మీ బడికి రాగల అపాయాలన్నీ రాసి, మార్కులు వేసి, గుణించండి. ప్రతిదానికి ఎదురుగా ఇంకొక గడి గీసి, అది మనకు రోజులు ఇస్తుందా, నిమిషాలు ఇస్తుందా, సెకన్లు ఇస్తుందా అని రాయండి. రోజులిచ్చేదానికి పట్టిక కావాలి. నిమిషాలిచ్చేదానికి తెరిచిన దారులు, అలవాటైన కాళ్ళు కావాలి. సెకన్లిచ్చేదానికి గట్టి గోడలు కావాలి. వ్యవధి ఎంత తగ్గితే, మన పని అంత ముందుకు జరగాలి. మీ పట్టిక పూర్తయ్యాక ప్రధానోపాధ్యాయులకు చూపించండి. అందులో ఒక్క తాళం తీయించగలిగినా, మీ బడికి రెండు నిమిషాలు సంపాదించి ఇచ్చినవారవుతారు.